జాతీయ ఉద్యానం లోపలి గూడెంపై అధికారం ఎవరిది?

ప్రశ్న:

మాది పాపికొండల జాతీయ ఉద్యానం లోపల, కొండ మీద ఉన్న చిన్న గూడెం. మేము కొండరెడ్లం. నలభై గడపలు కూడా ఉండవు. నేను డిగ్రీ చదివి ఊరికి తిరిగి వచ్చాను. నిరుడు మా పెదనాన్న ఇంటి కప్పు కోసం వెదురు కొట్టి తెస్తుంటే బీట్ ఆఫీసరు ఆపి, ఇది నేషనల్ పార్కు, ఇక్కడ ఆకు కూడా తీయకూడదని చెప్పి కత్తి, వెదురు రెండూ పట్టుకుపోయారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఆవులను మేపవద్దని కూడా అంటున్నారు. గూడేనికి దారి కావాలని గ్రామసభలో తీర్మానం చేసి పంపితే, పార్కులో గ్రామసభ మాట చెల్లదని తిప్పి పంపారు. వీఆర్వోను అడిగితే అది అడవి, మా రికార్డులో లేదంటారు. ఐటీడీఏలో (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలో) అడిగితే అటవీశాఖ అనుమతి తెచ్చుకోమంటారు. ఏ గొడవ జరిగినా పోలీసులు ఫారెస్టువాళ్ళ దగ్గరికే వెళ్ళమంటారు. ఈ మధ్య కొందరు వచ్చి, కిందికి దిగితే ప్యాకేజీ ఇస్తామని చెప్పి పెద్దవాళ్ళ చేత ఒక కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. మా నాన్నకు నాలుగెకరాల పోడుకు పట్టా ఉంది, దాన్ని ఒక మైదానప్రాంత వ్యాపారి కౌలుకు అడుగుతున్నాడు. అమెరికాలో గిరిజన తెగలకు సొంత పోలీసులు, సొంత కోర్టులు ఉంటాయని ఒక వీడియోలో చూశాను. మా కొండ మీద అధికారం అసలు ఎవరిదో ఒక్క మాటలో చెప్పండి. నా పేరు, మా ఊరి పేరు వేయవద్దు.

సమాధానం:

మీ ఉత్తరంలో ఎన్ని ఆఫీసులున్నాయో అన్నీ మీకు పక్క ఆఫీసు గుమ్మమే చూపించాయి. వారిలో ఎవరూ పూర్తిగా అబద్ధం చెప్పలేదు, ఎవరూ పూర్తి నిజమూ చెప్పలేదు. మన చట్టం ప్రకారం మీ కొండ ఏ ఒక్కరి ఏలుబడిలోనూ లేదు. ఒకే నేల మీద, ఒకే హద్దు లోపల, జరిగే పనిని బట్టి అధికారి మారతాడు. జింకను చంపితే ఒకరు, వెదురు తెస్తే మరొకరు, పొలం చేతులు మారితే ఇంకొకరు, ఇద్దరు కొట్టుకుంటే వేరొకరు విచారిస్తారు. అందువల్ల మీరడిగిన ఒక్క మాట నేను చెప్పలేను. మా ఊరి మీద అధికారం ఎవరిదని అడిగినంతకాలం ఆఫీసులు మిమ్మల్ని తిప్పుతూనే ఉంటాయి, ఈ ఫలానా పని మీద మీకు ఏ సెక్షన్ కింద అధికారం ఉందని కాగితం మీద అడిగితే మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు. కాబట్టి మీ ఉత్తరంలోని సంగతులను ఆ వరుసలోనే తీసుకుంటాను.

దానికి ముందు ఈ పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకున్నాయో కొంచెం చెప్పుకోవాలి. గోదావరి లోయలోని మీ అడవుల మీద ప్రభుత్వ ఆంక్షలు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నుంచి బిగుసుకుంటూ వచ్చాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడానికి పోడు మీద, అడవి మీద పెట్టిన ఆ కట్టడులు ఒక ప్రధాన కారణం. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఏజెన్సీ గ్రామాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చి షెడ్యూల్డ్ ప్రాంతమయ్యాయి. 1978లో పాపికొండల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. 2008లో 1,012.86 చదరపు కిలోమీటర్ల మేర దాన్ని జాతీయ ఉద్యానం చేశారు. తరువాతి పొర వచ్చినంత మాత్రాన ముందు పొర చెరిగిపోలేదు. ఉద్యానమైనా మీ గూడెం షెడ్యూల్డ్ ప్రాంతంలోనే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతమైనా అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తూనే ఉంది. ఒక చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో వర్తించదని గాని, ఫలానా మార్పులతో వర్తిస్తుందని గాని ప్రకటించే అధికారం ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చింది. అలాంటి ప్రకటన లేనంతవరకు బీట్ ఆఫీసరు మీ కొండ మీద అడుగుపెట్టడం చట్టబద్ధమే. ఈ సంగతి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, షెడ్యూల్డ్ ప్రాంతంలోకి ఫారెస్టువాళ్ళు రాకూడదని గూడేల్లో కొందరు వాదిస్తుంటారు. ఆ వాదన ఏ కోర్టులోనూ నిలబడదు, పైగా నిలబడగల అసలు వాదనను కూడా పలచన చేస్తుంది.

నిలబడగల వాదన 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. మీ నాన్నగారి పోడు పట్టా, అంటే ఆర్.ఓ.ఎఫ్.ఆర్. (అటవీ హక్కుల గుర్తింపు) పట్టా, ఆ చట్టం కింద వచ్చినదే. ఆ చట్టం అమలులోకి వచ్చిన తేదీ 2007 డిసెంబరు 31. పాపికొండలు జాతీయ ఉద్యానమైంది 2008లో. అంటే ఉద్యానం పుట్టేనాటికే మీ హక్కులకు చట్టంలో గుర్తింపు ఉంది. ఆ చట్టం 2వ సెక్షన్ అటవీ భూమి అన్న మాటకు అర్థం చెబుతూ అభయారణ్యాలను, జాతీయ ఉద్యానాలను పేరు పెట్టి కలుపుకుంది. 4వ సెక్షన్ అయితే, అమలులో ఉన్న మరే చట్టంలో ఏమున్నప్పటికీ ఈ హక్కులను గుర్తించి దఖలు పరుస్తున్నామన్న మాటతోనే మొదలవుతుంది. కాబట్టి పార్కులో గ్రామసభ మాట చెల్లదన్నవారు ఈ రెండు సెక్షన్లనూ చదవలేదనుకోవాలి, లేదా చదివి పక్కన పెట్టారనుకోవాలి. వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ ఉద్యానాన్ని తుదిగా ప్రకటించే ముందు కలెక్టరు గ్రామాల్లో స్థానిక భాషలో ప్రకటన చేయించి, హక్కుల అర్జీలు తీసుకొని, విచారించి తేల్చాలి. మీ గూడెం విషయంలో ఆ విచారణ జరిగిందా, జరిగితే ఏం రాశారు అన్నది మీరు సమాచార హక్కు చట్టం కింద అడిగి తెప్పించుకోవలసిన మొదటి కాగితం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

ఇక వెదురు. ఈ ఒక్క విషయం దగ్గర కొంత ఆగి వివరంగా చెబుతాను, ఎందుకంటే రెండు చట్టాలూ నేరుగా ఢీకొనే చోటు ఇదే. వన్యప్రాణి చట్టం 35వ సెక్షన్ ప్రకారం జాతీయ ఉద్యానం నుంచి అటవీ ఉత్పత్తి తీయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే అనుమతిపత్రం ఉండాలి. అలా తీసినదాన్ని ఉద్యానంలోను, చుట్టుపక్కల ఉన్నవారు ఇంటి అవసరాలకు వాడుకోవచ్చు గాని అమ్మకూడదు. దీనికి తోడు, జాతీయ ఉద్యానాల నుంచి, అభయారణ్యాల నుంచి ఎండిన చెట్లు, పడిపోయిన చెట్లు, చివరికి గడ్డి కూడా తీయరాదని 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. మీ బీట్ ఆఫీసరు నోట వినిపించిన ‘ఆకు కూడా’ అన్న మాటకు మూలం ఇదే అయి ఉండాలి. అయితే అటవీ హక్కుల చట్టం దీని తరువాత వచ్చింది. ఆ చట్టంలో వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో స్పష్టంగా పేర్కొన్నారు. వాటి మీద హక్కు అంటే సేకరించడం, వాడుకోవడం మాత్రమే కాదు, అమ్ముకోవడం కూడా. 2012 సెప్టెంబరులో సవరించిన నియమాల ప్రకారం ఆ సరుకు రవాణాకు కావలసిన పర్మిట్‌ను కూడా గ్రామసభ నియమించిన కమిటీయే ఇవ్వవచ్చు. చింతపండు, అడ్డాకులు, తేనె, కుంకుళ్ళు, కొండచీపుర్లు అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. అందువల్ల పెదనాన్నగారు ఇంటి కప్పుకు వెదురు తేవడం చట్టం దృష్టిలో హక్కే.

కాని ఆ హక్కు మీ గూడెం పేరిట కాగితం రూపంలో ఉందా? మీ ఉత్తరంలో మీ నాన్నగారి పోడు పట్టా గురించి రాశారు గాని, ఊరంతటికీ కలిపి ఇచ్చిన సామూహిక హక్కు పత్రం గురించి ఒక్క ముక్క లేదు. నా అనుభవంలో ఏజెన్సీ గూడేలకు తగిలే దెబ్బలో సగం ఇక్కడే ఉంది. మనిషికి పట్టా వచ్చింది కదా, పని అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పోడు పట్టా పొలం గట్టు దగ్గర ఆగిపోతుంది, గట్టు దాటి అడవిలో అడుగుపెట్టగానే మీ చేతిలో ఏ కాగితమూ లేదు. చట్టం హక్కు ఇచ్చింది నిజమే అయినా, అడవి దారిలో బీట్ ఆఫీసరు ఎదుట నిలబడి 4వ సెక్షన్ వల్లించడం కంటే కలెక్టరు సంతకం ఉన్న పత్రం నకలు చూపడం తేలిక. ఇప్పటికి పెదనాన్నగారి తరఫున మీరు చేయవలసింది, ఫలానా తేదీన తీసుకున్న వస్తువులకు పంచనామా, రశీదు, కేసు నమోదు చేసి ఉంటే దాని వివరం ఇవ్వాలని రేంజ్ ఆఫీసుకు రాసి, రాసినట్టు ముద్ర వేయించుకోవడం. వస్తువులు స్వాధీనం చేసుకునే అధికారం వారికి వన్యప్రాణి చట్టం 50వ సెక్షన్ ఇచ్చింది గాని, దానికి కాగితం లేకుండా చేసే వెసులుబాటు ఇవ్వలేదు. మనిషిని పట్టుకుంటే వెంటనే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రేంజ్ ఆఫీసు గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి జరిమానా తేల్చడం వారి పరిధిలో లేదు.

ఆవుల విషయం కూడా ఇలాంటిదే, కాకపోతే ఇంకొంచెం గట్టిది. జాతీయ ఉద్యానంలో పశువుల మేతను 35వ సెక్షన్ నిషేధించింది. అటవీ హక్కుల చట్టం మేతను సామూహిక హక్కుగా పేర్కొంది. సామూహిక హక్కు పత్రంలో మేత, దాని హద్దులు రాసి ఉంటే మీ మాట నెగ్గుతుంది. లేకపోతే ఆ నిషేధమే మీ మెడకు చుట్టుకుంటుంది.

వేట గురించి మీరు అడగలేదు, అయినా చెప్పడం నా బాధ్యత. అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే, వేటను, ఉచ్చులు పన్నడాన్ని, జంతువుల శరీర భాగాలు సేకరించడాన్ని మినహాయించింది. ఈ ఒక్క విషయంలో గ్రామసభ తీర్మానం గాని, పండుగ ఆచారం గాని రక్షణ ఇవ్వదు. అధికారం పూర్తిగా వన్యప్రాణి చట్టానిదే. ఊళ్ళో ఒకడు అడవిపందికి ఉచ్చు పెట్టిన మరుసటి వారమే ఊరంతటి హక్కుల అర్జీ మీద విచారణ వస్తే ఆ గది వాతావరణం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోగలరు.

దారి విషయంలో మీకు కొంత నిరాశ కలిగించే మాట చెప్పవలసి ఉంది. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, కరెంటు తీగలు, రోడ్డు వంటి పదమూడు అవసరాలకు ఒక్కొక్కదానికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు డెబ్బై అయిదు చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద కేటాయించవచ్చని అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్ రెండో భాగం చెబుతుంది. మీరు తీర్మానం చేసింది సరైన దారిలోనే. కాని ఆ భాగం 1980 అటవీ సంరక్షణ చట్టాన్ని మాత్రమే పేరు పెట్టి పక్కన పెట్టింది, వన్యప్రాణి చట్టాన్ని పేర్కొనలేదు. ఉద్యానంలో వన్యప్రాణుల ఆవాసాన్ని మళ్ళించాలంటే జాతీయ వన్యప్రాణి మండలిని సంప్రదించాలని 35వ సెక్షన్ అంటుంది. కాబట్టి గ్రామసభ మాట చెల్లదనడం తప్పయినా, గ్రామసభ మాట ఒక్కటే చాలదు అని వారు అని ఉంటే దాన్ని కొట్టిపారేయలేం. నా సలహా ఏమంటే, కొత్త దారి అని అడగకండి. మీ పాత కాలిబాట లేదా బండిదారి సర్వే పటంలోనో, అటవీశాఖ సొంత పటంలోనో ఉంటే దాని మరమ్మత్తు అని అడగండి, పొడవు, వెడల్పు, కొట్టవలసిన చెట్ల లెక్క రాయండి. తిప్పి పంపినప్పుడు ఏ సెక్షన్ కింద తిప్పి పంపారో రాతపూర్వకంగా కోరండి. నోటిమాట తిరస్కరణ మీద ఏ కోర్టుకూ వెళ్ళలేము.

వేలిముద్రల కాగితం సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. వన్యప్రాణుల కోసం హక్కుదారులను తరలించాలంటే ముందుగా ఆ ప్రాంతాన్ని కీలక వన్యప్రాణి ఆవాసంగా వేరే విచారణ జరిపి గుర్తించాలి. జాతీయ ఉద్యానమైనంత మాత్రాన ఆ గుర్తింపు దానంతట అది రాదు. ఆ తరువాత కూడా 4వ సెక్షన్ రెండో భాగం వరసగా షరతులు పెట్టింది. అక్కడి హక్కుల గుర్తింపు పూర్తయి ఉండాలి. మనుషుల ఉనికి వల్ల జంతువులకు కోలుకోలేని నష్టం జరుగుతోందని తేలాలి. కలిసి బతికే మరో మార్గం లేదని నిర్ధారించాలి. పునరావాస ప్యాకేజీ సిద్ధం కావాలి. గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలుసుకొని, రాతపూర్వకంగా సమ్మతించాలి. కొత్తచోట భూమి, వసతులు పూర్తయ్యాకే తరలింపు. పెద్దవాళ్ళు విడివిడిగా వేసిన వేలిముద్రలు గ్రామసభ సమ్మతికి బదులు కావు. వెంటనే మీ గూడెం గ్రామసభను పిలిచి, ఆ కాగితంలో ఏముందో ఎవరికీ చదివి వినిపించలేదని, దాన్ని ఊరు సమ్మతిగా ఇవ్వలేదని తీర్మానం రాసి, కలెక్టరుకు, డివిజనల్ అటవీ అధికారి (డి.ఎఫ్.ఓ.)కి, ఐ.టి.డి.ఏ. ప్రాజెక్టు అధికారి (పి.ఓ.)కి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దీనికి నెలలు ఆగవద్దు. ఊళ్ళో ఎవరికైనా నిజంగానే కిందికి దిగాలని ఉంటే అది వారి ఇష్టం, వారిని నిందించకండి. చూసుకోవలసింది ఒక్కటే, వారి ఇష్టం ఊరి సంతకంగా మారిపోకూడదు.

మీ నాన్నగారి పోడు గురించి మాత్రం ఏ సందిగ్ధమూ లేదు. ఆర్.ఓ.ఎఫ్.ఆర్. పట్టా వారసులకు వస్తుంది గాని అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. అది అటవీ హక్కుల చట్టం మాట. దీనికి తోడు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, మనమంతా 1/70 అని పిలుచుకొనే 1970 సవరణతో కలిపి, కౌలును, తాకట్టును కూడా బదలాయింపుగానే లెక్కిస్తుంది. కాబట్టి ఆ వ్యాపారికి కౌలు రాసిస్తే అది చెల్లదు, మీ నాన్నగారు చిక్కుల్లో పడతారు. ఇప్పటికే అలా చేతులు మారిన పొలం మీ ఊళ్ళో ఉంటే ఫిర్యాదు వెళ్ళవలసింది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు, ఆపై అప్పీలు ఏజెంటు హోదాలో ఉన్న కలెక్టరుకు. ఇక్కడ అటవీశాఖకు, పోలీసులకు తీర్పరితనం లేదు. అది అడవి, మా రికార్డులో లేదన్న వీఆర్వోగారి మాట అటవీ పటాల వరకు నిజమే కావచ్చు. కాని హక్కు పత్రం ఇచ్చిన భూమి వివరం రెవెన్యూ, అటవీ రికార్డులు రెండింటిలోనూ ఎక్కించాలని నియమాలు చెబుతున్నాయి.

పోలీసుల మాట మరీ అన్యాయం. దొంగతనం, కొట్లాట, స్త్రీలపై దౌర్జన్యం, హత్య ఇవి ఉద్యానం లోపల జరిగినా బయట జరిగినా ఒకే నేరం, ఒకే పోలీసు స్టేషను. చెట్లను, జంతువులను కాపాడే చట్టం మనుషుల మధ్య నేరాలను రేంజర్‌కు అప్పగించలేదు. ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు. గిరిజనుడి అటవీ హక్కుల అనుభవానికి అడ్డుపడటం, పంట పాడుచేయడం, ఫలసాయం ఎత్తుకుపోవడం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం 3వ సెక్షన్ కింద నేరమని కూడా తెలుసుకోండి. అటవీ హక్కుల చట్టం తన నియమాలను ఉల్లంఘించిన అధికారికి విధించే జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదాని పదును తెలుస్తుంది. అయితే ఆ పదును అన్ని దారులూ మూసుకుపోయినప్పటికి దాచుకోండి, ప్రతి మాటామాటకీ వాడితే అది మొద్దుబారుతుంది, రేపు అదే రేంజర్ మీ సామూహిక హక్కుల హద్దు సర్వేకు రావలసి ఉంటుంది.

అమెరికా వీడియో గురించి రెండు మాటలు. అక్కడ తెగలను పరిమిత సార్వభౌమత్వం గల జాతులుగా చట్టం గుర్తిస్తుంది, సొంత పోలీసులు, సొంత కోర్టులు ఉన్నమాట నిజమే. అరిజోనాలో కాన్యన్ డి షే అనే లోయను 1931లో జాతీయ స్మారక ప్రాంతం చేశారు. నేల నవాజో జాతిదే, నిర్వహణలో కేంద్ర ఉద్యానాల శాఖ పాలు పంచుకుంటుంది, లోయలోకి చాలావరకు నవాజో మార్గదర్శి తోడు లేకుండా బయటివారు దిగకూడదు. వినడానికి బాగుంది కదా! కాని తెగకు చెందనివారు తెగ నేల మీద నేరం చేస్తే తెగ కోర్టు శిక్షించలేదని 1978లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తరువాత కొన్ని నేరాలకే మినహాయింపులు వచ్చాయి. అంటే అక్కడ నేరం చేసింది ఎవరన్నదాన్ని బట్టి అధికారం చీలుతుంది, ఇక్కడ చేసిన పని ఏమిటన్నదాన్ని బట్టి చీలుతుంది. చీలిక లేని చోటు అదీ కాదు. మన దేశంలో సొంత జిల్లా మండళ్ళు, సొంత కోర్టులు ఆరో షెడ్యూలు కింద ఈశాన్యంలోని కొన్ని ప్రాంతాలకున్నాయి. మనది ఐదో షెడ్యూలు, మనకున్నది పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 పీసా చట్టం, గ్రామసభ.

ఆ గ్రామసభ మీద ఒక ముఖ్యమైన సంగతి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ అంటే పంచాయతీ మొత్తానికి కలిపి మండల కేంద్రం దగ్గర పెట్టే సభ కాదు. తమ ఆచారం ప్రకారం తమ వ్యవహారాలు చూసుకొనే ఒక్క గూడెం కూడా గ్రామమే, అక్కడి వయోజనులందరి సభ గ్రామసభే. మీ దారి తీర్మానం ఏ సభలో జరిగిందో ముందు చూసుకోండి. పంచాయతీ స్థాయిలో రాసిన కాగితమైతే అటవీ హక్కుల విషయంలో దాన్ని సులభంగా తోసిపుచ్చగలరు. గూడెం స్థాయిలో సభ పెట్టి, కనీసం సగం మంది, వారిలో మూడో వంతు స్త్రీలు హాజరై సంతకాలు, వేలిముద్రలు వేసేలా చూడండి. అందులోనే అటవీ హక్కుల కమిటీని పది నుంచి పదిహేను మందితో వేసుకోండి. వెదురు, మేత, నీటి వనరుల వంటి సామూహిక హక్కులకు ఫారం బి, మీరు తరతరాలుగా కాపాడుకొంటున్న అడవి మొత్తాన్ని సంరక్షించే హక్కుకు ఫారం సి నింపండి. దీనికి గడువు తీరిపోయిందని ఎవరైనా అంటే నమ్మవద్దు, చట్టంలో ఆఖరి తేదీ లేదు. సాక్ష్యంగా ప్రభుత్వ రికార్డులే ఉండాలనీ లేదు. జీలుగు చెట్లు ఏ కొండవాలులో ఏ కుటుంబానివి, పాత ఊరు ఎక్కడ ఉండేది, శ్మశానం ఎక్కడ, దేవత రాయి ఎక్కడ అన్నది పెద్దల నోటి నుంచి రాసుకొన్న వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఆ పెద్దలు ఉండగానే రాసుకోండి, నేను చూసిన ఒక గూడెంలో అన్నీ తెలిసిన ముసలాయన సర్వేకు ముందు నెల పోయారు, ఆ కొండ పేర్లు ఆయనతోనే పోయాయి.

కొండరెడ్లు అతి బలహీన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నారు కాబట్టి మీకు మరొక హక్కు కూడా ఉంది, మీ నివాస సీమ మొత్తం మీద ఆవాస హక్కు. దీని విషయంలో చొరవ తీసుకొని, సంప్రదాయ పెద్దలతో మాట్లాడి అర్జీలు వేయించవలసిన బాధ్యతను నియమాలు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ మీదే పెట్టాయి. మీ అర్జీతో పాటు ఆ బాధ్యతను గుర్తుచేస్తూ వేరే లేఖ ఇవ్వండి. ఉప విభాగ కమిటీ కాదంటే అరవై రోజుల్లో జిల్లా కమిటీకి అప్పీలు చేయాలి. తిరస్కరణకు కారణాలు రాసి మీ చేతికి అందించాలి, అందిన తేదీ ఆ కాగితం మీదే వేయించుకోండి. తిరస్కరించిన అర్జీదారులను ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 28న ఆ ఆదేశాన్ని తానే నిలిపివేసింది. నిలిపివేతకు ఒక కారణం, ఆ తిరస్కరణలు సరైన పద్ధతిలో జరిగాయా అన్న అనుమానమే. విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించరాదని 4వ సెక్షన్ ఎలాగూ చెబుతోంది.

న్యాయవాది ఖర్చు గురించి వెనకాడకండి. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ప్రకారం హక్కు, 15100 నంబరుకు ఫోన్ చేస్తే జిల్లా న్యాయసేవల సంస్థకు కలుపుతారు. మొదటిసారి వెళ్ళేటప్పుడు నాన్నగారి పట్టా నకలు, దారి తీర్మానం, దాన్ని తిప్పి పంపిన కాగితం, వెదురు విషయంలో రేంజ్ ఆఫీసుకు ఇచ్చి ముద్ర వేయించుకొన్న లేఖ, వేలిముద్రలను తోసిపుచ్చిన కొత్త తీర్మానం వెంట తీసుకువెళ్ళండి. వీలైతే పెదనాన్నగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి, ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోట వింటేనే వారికి సరిగా తెలుస్తుంది.